శ్రీరామ్మూర్తి మాస్టారు పైకి ఆలోచించిన రోజు

ఆ ఉదయం శ్రీరామ్మూర్తి మాస్టారి పథకం చాలా చిన్నది. బడి తనిఖీకి అధికారి వస్తున్నాడు కాబట్టి, శిక్షణలో నేర్చుకున్న కొత్త పద్ధతిలో భౌతికశాస్త్రం చెప్పి ఆయన్ని మెప్పించాలి. పాఠం చెబుతున్నప్పుడు మాస్టారి బుర్రలో నడిచేదంతా, అనుమానాలతో సహా, పైకి చెప్పేయాలి. అది విని పిల్లలు తమ ఆలోచనను తామే గమనించుకోవడం నేర్చుకుంటారట. పాఠం చెడితే తొమ్మిదో తరగతి తీసేసి ఆరో తరగతి అప్పగిస్తానని హెడ్‌మిస్ట్రెస్ దుర్గ ముందే చెప్పేసింది. ఆ తొమ్మిదో తరగతంటే ఆయనకు ప్రాణం.

అందుకని స్టాఫ్ రూములో గోడకెదురుగా నిలబడి సాధన మొదలుపెట్టాడు. "ఆగు. ఎక్కడో తప్పు చేశాను. నాకు తెలుసని ఎందుకనుకున్నాను? మళ్లీ మొదటికెళ్లాలి."

లెక్కల మాస్టారు తవిటయ్య గుమ్మంలోనే ఆగిపోయి, ఆ మాటలు విని, దుర్గ గదికి పరుగెత్తాడు.

"మేడమ్, శ్రీరామ్మూర్తిగారు గోడకి సెప్పుకుంటన్నారండి. ఎక్కడో తప్పు సేసీసారంట. మొదటికెళ్లిపోతారంట!"

తనిఖీ భయంతో మనిషికి మతి చలించిందని దుర్గ తేల్చేసింది. మద్దిలపాలెంలో ఉన్న ఆయన భార్య సన్యాసమ్మకు ఫోన్ కొట్టింది. ఆవిడ లబోదిబోమంటూ, పోర్టులో క్రేన్ నడిపే తమ్ముడు అప్పలసూరిని వెంటేసుకుని ఆటో ఎక్కింది.

తరగతిలో అధికారి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీలోంచి పోర్టులో ఆగిన ఓడ కనిపిస్తోంది. "చిన్న మేకు నీళ్లలో మునిగిపోతుంది. అంత ఇనప ఓడ ఎందుకు తేలుతోంది?" అని మొదలెట్టి, మాస్టారు కణతలు నొక్కుకున్నాడు. "నాకు అయోమయంగా ఉంది. బరువే కారణమనుకున్నాను. కాదేమో. నన్ను నేనే నమ్మలేకపోతున్నాను..."

గుమ్మంలో సన్యాసమ్మ ఘొల్లుమంది. అప్పలసూరి లోపలికొచ్చి మాస్టారి చెయ్యి పట్టేశాడు. "బావా, పద. ఆస్పత్రికెల్దాం."

"ఒరే, నాను ఆలోచిస్తన్నానురా!"

"అదే మానెయ్ బావా. అందుకే ఒచ్చాం."

దుర్గ కూడా వచ్చి ముందు బెంచీ పిల్లను నిలదీసింది. "ఏటే దేవిశ్రీ, మీ మాస్టారు రోజూ ఇలాగే మాట్లాడతారా?"

దేవిశ్రీ చేతులు కట్టుకుంది. "నాకు తెలుసనే అనుకుంటన్నానండి. కానీ ఎలా తెలిసిందో ఆలోచించాలి."

దాంతో తక్కిన పిల్లలందరూ అందుకున్నారు. ఆ గుమ్మంలో ఆవిడ ఎందుకు ఏడుస్తోందో, అది తమకు తెలుసో తెలీదో, తెలియాలంటే దేన్ని గమనించాలో తలా ఒకరు పైకి చెప్పసాగారు. గది చేపల సంతలా తయారైంది.

"పిల్లలక్కూడా అంటించేశారు!" అని దుర్గ తల పట్టుకుంది.

అధికారి లేచాడు. "మాస్టారూ, ఇంతకీ ఓడ ఎందుకు తేలుతుంది?"

ఒక పక్క బావమరిది లాగుతున్నాడు, ఇంకో పక్క పెళ్లాం ఏడుస్తోంది. శ్రీరామ్మూర్తికి నిజంగానే జవాబు గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం! తొమ్మిదో తరగతి చేజారిపోయిందని ఆయనకు ఏడుపొచ్చింది. "నిజంగా తెలీడం లేదండి. ఇందాకటిదాకా తెలుసు. ఎక్కడ పోయిందో వెతుక్కుంటున్నాను."

అధికారి చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! తెలియకపోవడాన్ని ఇంత సహజంగా నటించిన మాస్టార్ని నేను చూడలేదు. ఆ ఏడ్చే ఆవిడ, ఆ లాక్కెళ్లే ఆయన... ఎంత ఏర్పాటండీ!" అక్కడికక్కడే ఉత్తర్వు కూడా ఇచ్చేశాడు. ఇకనుంచి శ్రీరామ్మూర్తి ఆనందపురం, తగరపువలస అనకుండా అన్ని బళ్లూ తిరిగి, మాస్టార్లందరికీ ఈ పద్ధతి నేర్పాలి.

"మరి నా తొమ్మిదో తరగతండీ?"

"తవిటయ్యగారు చూసుకుంటారు" అంది దుర్గ, సంతోషంగా.

శ్రీరామ్మూర్తికి ఆ క్షణంలో చాలా ఆలోచనలొచ్చాయి గానీ, పిల్లలు వింటున్నారని ఒక్కటీ పైకి చెప్పలేదు.