నాలుగు వేళ్లు ఎడమకి

నెవిల్ హార్గెస్ట్ ఆ ఉదయం వేసుకున్న లెక్క సులువైనది. ఎనిమిదింటికి క్లబ్బు మైదానానికి వెళ్లడం, మూడు తూటాలు కాల్చి రైఫిల్ గురి సరిచూసుకోవడం, పదకొండింటికి హెలికాప్టర్ ఎక్కడం. మగదుప్పులు రంకెలేసే ఏప్రిల్‌లో ఆ లోయలోకి వేటకి వెళ్లాలంటే చీట్ల లాటరీలో పేరు రావాలి. అతని పేరు తొమ్మిదేళ్లకి వచ్చింది. ఆ రైఫిల్‌కి నప్పే తూటాలు ఊరు మొత్తమ్మీద ఒక్క పెట్టె మిగిలింది. ఇరవై.

ఊళ్లో వేటసామాన్ల కొట్టు నెవిల్‌దే. అందరి రైఫిళ్లకీ గురిచూసే స్కోపులు బిగించేదీ అతనే. గత శనివారం క్లబ్బు శ్రమదానంలో గురిపలకల మీద 1, 2 అని ఎర్రరంగుతో అంకెలు వేసిందీ అతనే. పలకల దగ్గర నిలబడి, కాల్చే బల్లల వైపు తిరిగి తన ఎడమ ఏదో చూసుకుని, అటు నుంచి మొదలుపెట్టి, గీత వంకర పోకుండా వేశాడు.

ఒకటో బల్ల మీద రైఫిల్ ఆనించి ఒకటో పలకకి కాల్చాడు. పలకలున్నంత దూరాన తూటా రంధ్రం స్కోపులో కనిపించదు. బావమరిది హేమి ముక్కాలిపీట మీది పెద్ద దుర్భిణిలోంచి ఎదురుగా ఉన్న కాగితాన్ని చూశాడు.

"నాలుగు వేళ్లు ఎడమకి, బావా."

నెవిల్ స్కోపు మర పదహారు క్లిక్కులు కుడికి తిప్పి మళ్లీ కాల్చాడు.

"నాలుగు వేళ్లు ఎడమకి."

"తిప్పాను కదరా."

"నువ్వు తిప్పావు. అది వినలేదు."

మరో పదహారు తిప్పాడు. స్కోపు మరలు బిగించాడు. గొట్టం తుడిచాడు. రైఫిల్ పిడి కర్ర గొట్టానికి తగులుతోందేమోనని ఆకురాయితో గీకాడు. తొమ్మిదిన్నరకి పదకొండు తూటాలు అయిపోయాయి.

"ఒకే చోట పడుతున్నాయి బావా. ఇంత నిలకడైన రైఫిల్ నేను చూళ్లేదు."

"నోర్ముయ్."

"పోనీ ఎనిడ్ ఆంటీని కాసేపు ఆపమందాం. దగ్గరికెళ్లి చూసొద్దాం."

పక్కన రెండో బల్ల దగ్గర డెబ్బై ఆరేళ్ల ఎనిడ్ పాస్కో పొద్దుటి నుంచీ తీరిగ్గా కాలుస్తోంది. ఒకరు కాలుస్తుంటే ఎర్రజెండా దిగదు, అది దిగందే పలకల దగ్గరికి ఎవరూ పోకూడదు.

"ఊరందరి రైఫిళ్లూ సరిచేసేవాడికి సొంతది కుదరట్లేదని సాయంత్రానికల్లా దండోరా వేస్తుంది. రేపట్నించి కొట్టుకి ఎవడొస్తాడు?" అన్నాడు నెవిల్.

పది ముప్పావుకి ఒక్క తూటా మిగిలింది. అప్పుడు ఎనిడే జెండా దించింది. ముగ్గురూ పలకల దగ్గరికి నడిచారు.

ఒకటి అని రాసి ఉన్న పలక రెండో బల్లకి ఎదురుగా ఉంది. దాని మీద నెవిల్ మొదటి తూటా నల్లచుక్క నట్టనడుమ దిగింది. మిగతావి కుడికి నడుచుకుంటూ వెళ్లి కాగితం దాటాయి. చివరివి గుంజలో ఉన్నాయి. హేమి పొద్దుటి నుంచీ చూసింది ఒకటో బల్లకి ఎదురుగా ఉన్న రెండో పలక. దాని మీద, నాలుగు వేళ్లు ఎడమకి, అంకె చూసి ఎనిడ్ కాల్చిన తూటాలన్నీ ఒకే కన్నంలో ఉన్నాయి.

"నాది మా ఆయన పోయినప్పట్నించీ అక్కడికే కొడుతుంది," అంది ఎనిడ్. "ముట్టుకోను. మారిందేమో చూసుకుని పోతాను, అంతే."

నెవిల్ తిప్పిన క్లిక్కులన్నిటికీ లెక్కుంది, వెనక్కి తిప్పొచ్చు. గీకిన కర్ర వెనక్కి రాదు. ఆ రైఫిల్ ఇక ఎటు కొడుతుందో మిగిలిన ఒక్క తూటాతో తేలదు.

"ఇది పట్టుకుపో," అని ఎనిడ్ తన రైఫిలూ, తూటాల పెట్టే అతని చేతిలో పెట్టింది. "నాలుగు వేళ్లు కుడికి గురిపెట్టు. స్కోపు జోలికి మాత్రం పోకు."

తరవాత ఆ ఎర్ర అంకెల వైపు కళ్లు చికిలించి చూసింది. "ఇవి తారుమారుగా రాసిన మహానుభావుడెవరు?"

హెలికాప్టర్‌కి వేళయిందన్నాడు నెవిల్.