బాతుకాలి గుర్తు

"మా వంతెనకు ఆరు వందల ఏళ్లు! కట్టిన నాటి నుంచి నేటి వరకు ఒక్క రాయి మార్చలేదు. మానవమాత్రుడి చెయ్యి దాని మీద పడలేదు!"

ఇలాగని కామెనోవ్ పట్టణ సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి, కింద ఎర్ర లక్క ముద్ర కూడా వేసింది. చెయ్యెత్తిన పదకొండు మందిలో ఏడుగురు ఆ పూట పరంజా కర్రలకు తల తగలకుండా వంగి సభకు వచ్చినవాళ్లే. ఆ పరంజా మీద మతౌష్ మేస్త్రి ఆరో కమానులో రాయి మారుస్తున్నాడు.

మతౌష్‌కు ఆ వంతెన మీద ముప్పై ఎనిమిదేళ్ల చాకిరీ. చలికాలంలో గడ్డకట్టిన ఏరు వసంతానికి పగిలి, మంచు పలకలు వచ్చి స్తంభాలను గుద్దుతాయి. అవి గుద్దినచోటల్లా రాయి చిట్లుతుంది. చిట్లిన రాయి తీసి కొత్తది కూర్చడం అతని పని. కూర్చిన ప్రతి రాయి మీదా మేస్త్రి తన గుర్తు చెక్కాలని అక్కడ పాత ఆచారం. పని బాగుంటే పొగడ్డానికి కాదు, చెడితే ఎవణ్ణి తిట్టాలో తెలియడానికి. మతౌష్ గుర్తు బాతుకాలు. పెళ్లికి ముందు లుద్మిల అతని నడక చూసి, "అచ్చం మా బాతులాగే ఉన్నావ్" అంది. ఆ మాట నచ్చి మూడు గీతలు గీసుకున్నాడు.

పదేళ్ల కిందట ఒస్వాల్డ్ అనే ప్రొఫెసరు పడవెక్కి వంతెన కిందికి వెళ్లి ఆ మూడు గీతలు చూశాడు. ఇది ఆరు వందల ఏళ్లనాటి అజ్ఞాత మహాశిల్పి గుర్తు అన్నాడు. మూడు గీతలంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్నాడు. తలగడంత పుస్తకం రాశాడు. అప్పటి నుంచి బాతుకాలు ఊరి జెండా మీదికెక్కింది, తేనె రొట్టెల మీదికెక్కింది, మేయరు భార్య చెవులకు బంగారమై వేలాడింది.

మతౌష్ ఎందుకు నోరు విప్పలేదంటారేమో. అతను పుస్తకాలు చదివే రకం కాదు. మొదటిసారి తేనె రొట్టె మీద తన గుర్తు చూసి, ఊరు తనను గౌరవిస్తోందనుకున్నాడు. సిగ్గుపడుతూ రెండు తిన్నాడు. పదేళ్లూ అలాగే అనుకున్నాడు.

తీర్మానం అయిన మూడో రోజు కాగితం వచ్చింది. ఎన్నడూ మరమ్మతు జరగని వంతెనకు మరమ్మతు మేస్త్రి ఉండజాలడు గనుక ఆ ఉద్యోగం ఇప్పుడూ లేదు, ఎప్పుడూ లేదు, శుక్రవారం లోగా పరంజా విప్పి వంతెన కింది పనిముట్ల కొట్టు ఖాళీ చెయ్యాలి అని.

మతౌష్‌కు ఉద్యోగం సంగతి తరవాత తోచింది, ముందు తోచింది ఆరో కమాను. దాని నడిమి రాయి తీసేసి ఉంది. పైనున్న బరువంతా నాలుగు దుంగల మీద ఆగింది. ఎగువ నుంచి మంచు పలకలు వచ్చేలోగా రాయి కూర్చకపోతే కమాను ఏట్లో కలుస్తుంది. టోపీ చేతబట్టుకుని మేయరు దగ్గరికి వెళ్లాడు. ప్రొఫెసరు కూడా అక్కడే ఉన్నాడు.

"నువ్వు మంచి పనివాడివే మతౌష్," అన్నాడు మేయరు హవ్రానెక్. "కానీ జరగని పనికి మనిషినెలా పెట్టుకుంటాం చెప్పు?"

"జరిగింది కదండీ. రెండు వేల రాళ్లు మార్చాను."

"రుజువేదీ?"

"మీ కోటు మీదే ఉందండీ."

మేయరు తన కోటుకున్న బాతుకాలి బిళ్ల చూసుకున్నాడు. ప్రొఫెసరు నవ్వాడు, పెద్దవాడివైపోయావు తాతా అన్నాడు. మతౌష్ జేబులోంచి ఉలీ సుత్తీ తీసి, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన రాతిముక్క మీద నాలుగు దెబ్బలు వేసి ఇచ్చాడు. ప్రొఫెసరు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"నకలు," అన్నాడు చివరికి. "గీతలో భక్తి లేదు."

మహాశిల్పి గుర్తును దొంగగా చెక్కడం నేరమే అయినా, ముసలితనం చూసి మేయరు క్షమించాడు. మతౌష్ పరంజా విప్పాడు గానీ దుంగలు మాత్రం తియ్యలేదు.

"నువ్వు బతికుండటమే నీ తప్పయ్యా," అంది లుద్మిల పులుసు వడ్డిస్తూ. "చచ్చి ఆరొందలేళ్లయ్యుంటే నిన్ను నెత్తిన పెట్టుకునేవాళ్లు."

తరవాతి వారం రాజధాని నుంచి పెద్దల బృందం వంతెన చూడ్డానికి వచ్చింది. బాకాలు, బీరు, జెండాలు. సరిగ్గా ఆరో కమాను మీద నిలబడి మేయరు ఉపన్యాసంలో "మానవమాత్రుడి చెయ్యి" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కింద ఏట్లో దబ్బుమని చప్పుడైంది.

"ఏమిటది?" అంది బృందం పెద్దావిడ.

"చేప," అన్నాడు మేయరు. "మా ఏటి చేపలు బాగా బలిసినవి."

మళ్లీ దబ్బుమంది. దాని జత చేప అన్నాడు. మూడో రాయి పడేసరికి అతని కాళ్ల కింద సన్నటి పగులు పాకింది. చలిగా ఉంది, లోపలికి వెళ్లి భోంచేద్దాం అని అందర్నీ తోలుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేయరు మతౌష్ ఇంటికొచ్చి, గుమ్మంలో టోపీ తీశాడు.

"ఆ మహాశిల్పికి కబురు పెట్టండి," అన్నాడు మతౌష్. "ఆయనకు మాత్రం వేరే పనేముంది?"

ఆరో కమాను పగిలిందన్నాడు మేయరు. మతౌష్‌కు జాలి కలిగింది, మేయరు మీద కాదు, కమాను మీద. ఏ పేరు పెట్టుకున్నా సరే, దుంగలు ఇక పది రోజులే ఆగుతాయన్నాడు. పట్టణ సభ ఆలోచించింది. మరమ్మతు మేస్త్రి ఉండకూడదు. కానీ వేషగాడు ఉండొచ్చు.

అలా మతౌష్ మళ్లీ పనిలో చేరాడు, తన వేషం తనే వేసుకోవడానికి. తోలు చొక్కా, నారగడ్డం, బిగుతు లాగు ఇచ్చారు. పక్కన బోర్డు పెట్టారు: "మహాశిల్పి ఎలా పనిచేసేవాడో చూపే వినోద ప్రదర్శన. వంతెనకు మరమ్మతు జరగడం లేదు." పట్టపగలు, జనం చప్పట్ల మధ్య, అతను ఆరో కమాను నడిమి రాయి కూర్చాడు. సున్నం పట్టించాడు. దుంగ మీద సుత్తితో తట్టి, బరువు రాతి మీదికి దిగిన చప్పుడు విని, అప్పుడు ఊపిరి వదిలాడు. చివరికి ఆచారం ప్రకారం మూడు గీతలు చెక్కాడు.

విదేశీ యాత్రికులకు వంతెన చూపిస్తూ ప్రొఫెసరు అటే వచ్చాడు. కొత్త గుర్తు మీద వేలు పెట్టాడు, పక్కరాయి మీద మతౌష్ పదిహేనేళ్ల కిందట చెక్కిన గుర్తు మీద వేలు పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"పరవాలేదు తాతా," అన్నాడు భుజం తట్టి. "కానీ ఆ మహాశిల్పి చెయ్యి రమ్మంటే వస్తుందా?"