ఆచార్య సింహాచలం గారి రెండడుగుల తొమ్మిదంగుళాల సమాధి

సువా నగరంలోని పాత శ్మశానంలో తెలుగువారి మహాపురుషుడు ఒక్కరైనా లేరన్న లోటు, మా పసిఫిక్ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభయ్యో ఏట, అక్టోబరు మాసంలో పూర్తిగా తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పసిఫిక్ తెలుగు సాంస్కృతిక మహాసభ సంయుక్త కార్యదర్శి హోదాలో ఆ లోటు తీర్చినవారిలో నేనూ ఒకణ్ణి. ఈ నివేదికలో ఎక్కడైనా గొప్పలు కనిపిస్తే అవి సభవి. తప్పులు కనిపిస్తే అవి అచ్చులో దొర్లినవి.

లోటు ఎలా బయటపడిందంటే, ఆ ఏడు మా ఊళ్లో వారసత్వ నడక మండలి అని ఒకటి వెలిసింది. ఆదివారం ఆదివారం జనాన్ని వెంటబెట్టుకుని శ్మశానమంతా తిప్పి, అక్కడ పడుకున్నవారి కథలు చెప్పడం దాని పని. దొరలకు ఒక ఓడ కెప్టెన్ దొరికాడు. ఉన్న ఒక్క ఓడనూ రేవు కనుచూపు మేరలో ముంచి పేరు తెచ్చుకున్న ఘనుడాయన. చైనావారికి ఒక దుకాణదారు దొరికాడు. "మీ సమాజం తరఫున ఒక ప్రముఖ మృతుని వివరాలు ముప్పై రోజుల్లోగా పంపగలరు" అని మాకూ ఉత్తరం వచ్చింది.

కార్యవర్గమంతా ఒక శనివారం పొద్దున్నే శ్మశానానికి వెళ్లాం. కొండవాలు నిండా వేల సమాధులు. పక్కనే జైలు. ఖైదీలు గడ్డి చక్కగా కోసి పెట్టారు. మూడు గంటలు వెతికినా మనవాడు ఒక్కడూ కనపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మనవాళ్లు పెద్దలను దహనం చేస్తారని. చెరుకు తోటల్లో కూలికి గిర్మిట్ ఒప్పందం మీద ఓడ దిగినవారి దగ్గర్నుంచి నిన్నమొన్నటివారి దాకా మన గొప్పవాళ్లందరూ బూడిదై నీళ్లలో కలిసిపోయారు. ముందు ముందు పర్యాటకులు వస్తారన్న ఆలోచన పూర్వీకుల్లో ఒక్కరికీ లేకపోవడం విచారకరం. మనం పూడ్చిపెట్టేది పాలు తాగే బిడ్డలను మాత్రమే. అంటే ఆ శ్మశానంలో తెలుగువారు లేకపోలేదు. వారిలో ఎవరికీ ప్రముఖులయ్యేంత వ్యవధి చిక్కలేదు, అంతే.

అలాంటి నిరాశలో అధ్యక్షులు రవీంద్ర గారి కన్ను ఒక మూలనున్న చిన్న దిబ్బ మీద పడింది. వారు బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి. పోయినవారి విలువ కట్టడంలో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. దిబ్బ మీద పేరు లేదు, శిలువ లేదు, నెలవంక లేదు, చైనా అక్షరాలు లేవు. కనుక అది మనదేనని తేల్చారు. చుట్టూ తెల్లటి ఏటిరాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా ఎవరో చూసుకుంటున్నారంటే లోపలున్నది మహానుభావుడే అయివుండాలని కూడా తేల్చారు.

టేపు పెట్టి కొలిస్తే రెండడుగుల తొమ్మిదంగుళాలు వచ్చింది. టేపు తిప్పి పెట్టి మళ్లీ కొలిచాం, పెరగలేదు. ఉపాధ్యక్షురాలు, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని కామిని గారు ఆ చిక్కు విప్పారు. యోగులను పడుకోబెట్టరు, పద్మాసనంలో కూర్చోబెట్టి సమాధి చేస్తారు, కూర్చున్న మనిషికి ఈ చోటు ధారాళంగా సరిపోతుంది అన్నారు. ఆ క్షణం నుంచి లోపలున్నాయన యోగి అయ్యారు.

అక్కడ గడ్డి కోస్తున్న సెరు అనే ఖైదీ మాత్రం కొడవలి ఆపి, "అది పాపాయి సమాధి సార్. ప్రతి అక్టోబరులో వాళ్లమ్మ పడవ మీద వస్తుంది" అని ఇంగ్లీషులో చెప్పాడు. శిక్ష పడ్డవాడి సాక్ష్యం చరిత్రకు పనికిరాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇక పేరు. సభ్యుల్లో నౌసోరి ఊరివారు తమ తాత పేరు పెట్టాలన్నారు, లంబాసా ఊరివారు తమ తాత పేరు పెట్టాలన్నారు. మత్తెక్కించే యంగోనా కషాయం గిన్నె చుట్టూ కూర్చుని నాలుగు సమావేశాలు జరిపాక, ఎవరి తాతకూ లేని పేరొకటి ఎంచుకున్నాం. అదే ఆచార్య సింహాచలం. నౌసోరివారి తృప్తి కోసం ఆయన వరి నాట్లు నేర్పారు. లంబాసావారి తృప్తి కోసం చెరుకు కోతగాళ్ల సమ్మె నడిపారు. కోశాధికారికి కుస్తీ ఇష్టం గనుక ఇద్దరు తోట ఓవర్సీర్లను ఒక్క చేత్తో ఎత్తి మురిక్కాలవలో వేశారు.

ముప్పై రెండు పేజీల జీవిత చరిత్ర రాసే భారం నా మీద పడింది. డ్రెకేటి పల్లెలో మా అమ్మమ్మ ఇసకలో అక్షరాలు దిద్దించిన పుణ్యాన, మూడు వందల మంది సభ్యులున్న ఈ తెలుగు మహాసభలో తెలుగు మాట్లాడడం, చదవడం, రాయడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆచార్యులవారి పేర పద్దెనిమిది పద్యాలు కూడా రాశాను. బాగానే వచ్చాయి. నా పేర రాసినవాటికంటే బాగా వచ్చాయని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

అంతా సక్రమంగా జరుగుతుండగా, ఆవిష్కరణకు వారం ముందు కౌశల్య అనే ఆవిడ మా కార్యాలయానికి వచ్చింది. అవతలి దీవిలోని వునిమోలి చెరుకు రైతు అప్పన్న భార్య. అప్పన్న పోయి ఆరేళ్లయింది. అరవై దాటిన మనిషి, చేతిలో సంచి, కాళ్లకు శ్మశానం మట్టి. కాన్పు కష్టమైతే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది సువా ఆసుపత్రికి తెచ్చారట. జెండా మారిన వారంలో కొడుకు పుట్టాడు. పదకొండో రోజున పోయాడు. ఆ బిడ్డను పెట్టిన చోటికి ఏటా వునిమోలి ఏటిలోంచి ఒక తెల్లరాయి తెచ్చి పెడుతోంది. ఈ ఏడాది రాయి సంచిలోనే ఉంది. తీరా వచ్చి చూస్తే దిబ్బ మీద సిమెంటు అరుగు, నల్లరాతి ఫలకం ఉన్నాయి. పాత రాళ్లేవని అడిగింది. అరుగు పునాదిలో కంకర తక్కువైతే మేస్త్రీ వాటినే వేశాడని నేను సవినయంగా మనవి చేశాను.

ఆవిడ సంచి కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"బేటా, నీకు తెలుగు వచ్చునంట. ఈళ్లకి సమజ్ చెయ్యి. అది నా బిడ్డ జాగా. మా ఆయన్ని కాల్చేసినారు, నీళ్లల్లో కలిపేసినారు. నాకు పోయి కూచోడానికి ఆ జాగా ఒకటే ఉండాది. అరుగు ఉండనీ. వాడి పేరు ఏసేయండి, బస్."

"ఆజీ, బైఠో. కమిటీ సబ్ ఠీక్ కరీ" అని, అంతా కమిటీ సరిచేస్తుందని హిందీలో చెప్పి, అధ్యక్షులు ఆ అవ్వకు కుర్చీ వేయించారు.

కమిటీ విచారణ హిందీలో, నిష్పక్షపాతంగా జరిగింది. రుజువేదని అడిగితే ఆవిడ నలభయ్యేళ్లుగా దాచిన ఆసుపత్రి కాగితం తీసింది. అందులో "అప్పన్న గారి శిశువు" అని మాత్రమే ఉంది. ఆచార్యులవారు కూడా ఒకప్పుడు శిశువే కదా అని రవీంద్ర గారు ఎత్తిచూపారు. కాగితంలో పేరు ఎందుకు లేదని కామిని గారు అడిగారు. నామకరణం పదకొండో రోజుకు పెట్టుకున్నామని, ఆ పొద్దున్నే బిడ్డ పోయాడని, అయినా పూడ్చేముందు చెవిలో జై అని పిలిచానని కౌశల్య చెప్పింది. చెవిలో పెట్టిన పేరుకు సాక్షులు లేరు. పదకొండు రోజుల వ్యక్తి సమాజానికి చేసిన సేవ ఏమిటన్న ప్రశ్నకు కూడా ఆవిడ దగ్గర సంతృప్తికరమైన జవాబు లేకపోయింది.

అయినా సభ కఠినాత్మురాలు కాదు. సమాధి మీద ఆవిడకు అంత మమకారం ఉంది గనుక, ఆచార్యులవారి మునిమనవరాలిగా గుర్తించి శాలువా కప్పాలని తీర్మానించాం. ఈ విధంగా ఒక తల్లి తన కొడుక్కి మునిమనవరాలయింది. శాలువా వద్దని ఆవిడ అన్నట్టు నాకు గుర్తు. మినిట్సులో "కృతజ్ఞతతో అంగీకరించారు" అని రాశాను. ఆ రాత తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిష్కరణ నాడు సభికులు రెండు వందల మంది. ముఖ్య అతిథి, సాంస్కృతిక శాఖ ఉన్నతాధికారి, తనకు తెలుగు వినాలని చాలాకాలంగా కోరిక అన్నారు. కౌశల్యకు మైకు ఇస్తే అందరికీ అర్థమయ్యే హిందీలో ఏదో ఒకటి అనేస్తుందని కార్యవర్గానికి లోపల గుబులుగానే ఉంది. అధ్యక్షులు ఉపాయం కనిపెట్టారు. తెలుగులోనే రెండు ముక్కలు చెప్పమందాం, అతిథికి ముచ్చట తీరుతుంది, తెలుగులో ఎవరేం మాట్లాడినా మనకొచ్చే ప్రమాదం లేదు అన్నారు. తమ సభ్యుల మీద ఒక తెలుగు సభాధ్యక్షుడికి ఇంతటి నమ్మకం ఉండడం అరుదు.

ముందుగా రవీంద్ర గారు ఇంగ్లీషులో ముప్పావు గంట మాట్లాడారు. "మిత్రులారా, మూలాలు మరచిన జాతికి మనుగడ లేదు! ఆచార్య సింహాచలం మన శ్వాస, మన భాష, మన రేపు!" అన్నారు. అన్నాక శ్వాస తీసుకున్నారు. తర్వాత మునిమనవరాలిని వేదిక మీదికి పిలిచారు.

కౌశల్య మైకు పుచ్చుకుని జనం వైపు చూడలేదు. ఫలకం వైపు తిరిగి అరుగు అంచున కూర్చుంది.

"జై, నాయనా, అమ్మ వచ్చినాను. నీకు పెద్ద ఇల్లు కట్టినారు, నీ పేరు మాత్రం ఏయలేదు. నువ్వు ఎవరికీ గురువు కాదు. పదకొండు దినాలు పాలు తాగినావు, పోయినావు. నువ్వు నా కొడుకువి. వీళ్లు అరిస్తే బెదురుకోవద్దు. అమ్మ ఈణ్నే ఉండాది."

రెండు వందల మంది నవ్వు ముఖాలతో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక, చేతులు సిద్ధంగా పెట్టుకుని చూస్తున్నారు. "ఆచార్యులు మనందరికీ గురువని, ఆనందంతో మాట రావడం లేదని అంటున్నారు" అని రవీంద్ర గారు అతిథికి ఇంగ్లీషులో అనువదించారు. అతిథి కళ్లు తుడుచుకుని, ఈ సమాధిని నడకలో ఏడో మజిలీగా అక్కడికక్కడే ఖాయం చేశారు.

కౌశల్య తల తిప్పి చూసింది. అంతమందిలో నన్నొక్కణ్ణే చూసింది. ఆవిడ మాట ఎక్కడ ముగిసిందో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అందుకే చప్పట్లు మొదలుపెట్టింది నేను. నన్ను చూసి మిగతావాళ్లు అందుకున్నారు. చాలాసేపు మోగాయి.

నడక ప్రతి ఆదివారం తొమ్మిదింటికి మొదలవుతుంది. మీరు కూడా తప్పక దయచేయండి. అక్టోబరులో వస్తే మునిమనవరాలిని కూడా చూడవచ్చు, అరుగు మీద కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. మీరు తెలుగు తెలిసినవారు, ఇంతదాకా చదివినవారు. చప్పట్లు ఎక్కడ మొదలుపెట్టాలో మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.