పెద్ద మాస్టారికి ఊపిరాడలేదు

ఆ శనివారం పొద్దున పెద్ద మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు షెడ్డులో ఇచ్చి, బాగు చేయించి, పదింటికల్లా తెచ్చుకోవాలి. మర్నాడు ఆదివారం. ప్రతి ఆదివారం ఆయన కారు తీసి, రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడి ఇంటి ముందునుంచి నెమ్మదిగా వెళ్తారు. ఆగరు, తల తిప్పరు. ఆరేళ్లుగా అన్నదమ్ముల మధ్య మిగిలిన రాకపోకలు అంతే. కారు లేకపోతే అవీ లేవు.

మాటలు పోయింది కూడా ఈ కారు దగ్గరే. అది ఇద్దరూ ముచ్చటపడి కలిసి కొన్న టర్బో కారు. ఇంజను అడుగున చేరే నూనె ఆవిరిని లాగి మళ్లీ ఇంజనుకే పంపడానికి ఒక గొట్టం ఉంటుంది. అది గాలిని కొలిచే సెన్సరు దాటాక, టర్బోకు ముందు కలవాలి. ఫిజిక్సు చెప్పే పెద్ద మాస్టారు టర్బోలోకి నూనె పోతోందని బెంగపడి, దాన్ని పీకి సెన్సరుకు ముందే, ఫిల్టరు డబ్బాలోకి పెట్టారు.

"అన్నయ్యా, ఆ జిడ్డంతా సెన్సరు మీద పడుతుంది" అన్నాడు లెక్కలు చెప్పే తమ్ముడు.

"ఫిజిక్సు నాకు నేర్పుతావా?" అని పెద్దాయన వాకిట్లో సుద్దముక్కతో బొమ్మ గీసి పాఠం మొదలుపెట్టారు. తమ్ముడు ఆ బొమ్మను కాలితో చెరిపేశాడు. అక్కడితో సరి. కారు అన్నకు మిగిలింది, దాంతో వచ్చిన పుస్తకం తమ్ముడి దగ్గర ఉండిపోయింది.

తమ్ముడు చెప్పిందే నిజమని మూడో వారానికే తేలిపోయింది. అప్పటినుంచి మాస్టారు నెలనెలా తలుపులు వేసుకుని, సెన్సరు విప్పి, స్పిరిట్‌తో తుడుచుకుంటూ వచ్చారు. ఒప్పుకోవడం కంటే తుడుచుకోవడమే తేలికనిపించింది. ఈసారి తుడుపుతో పని జరగలేదు. గొట్టం లోపల పూర్తిగా పూడుకుపోయింది. ఇంజను, నూనె కొలిచే డిప్‌స్టిక్కును పైకి తన్ని బానెట్ నిండా నూనె చిమ్మింది.

"ఈ గొట్టం ఎవరు మార్చారు సార్?" అన్నాడు మెకానిక్.

"ఎవరో" అన్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్లపాటు పిల్లల్ని బెంచీ ఎక్కించి నిజాలు చెప్పించిన మనిషి.

"ఆ ఎవరో ఇంకేం కెలికారో చూడాలి. కారు పుస్తకం ఉందా?"

"మా తమ్ముడి దగ్గరుంది" అని, ఎక్కడా చూసుకోకుండా ఫోన్ నంబరు గడగడా చెప్పేశారు. చెప్పాక తనకే సిగ్గేసి, బయట పాత టైర్ల మీద కూర్చున్నారు.

ఈ మెకానిక్‌కు ఓ అలవాటుంది. ఏ బండినైనా యజమానిగానే చూస్తాడు. డాక్టరమ్మకి బ్రేకులు పడట్లేదనీ, ప్లీడరు గారి వెనక భాగం విప్పామనీ అనడం ఆ షెడ్డులో మామూలు. పైగా పక్కనే గాలి కొట్టే మిషను హోరెత్తిపోతోంది. తమ్ముడికి ఫోన్ చేసి తానెవరో చెప్పిన ముక్క కాస్తా ఆ హోరులోనే కలిసిపోయింది.

"పెద్ద మాస్టారు మా దగ్గరున్నారండీ. ఊపిరాడట్లేదు. పొద్దున్నించీ కక్కుతూనే ఉన్నారు."

"అయ్యో! ఎక్కడ?"

"పెద్దాసుపత్రి ఎదురు సందులో. ఆయన పుస్తకం మీ దగ్గరుందటగా, పట్టుకొచ్చేయండి. అది చూస్తేగానీ చెయ్యి పెట్టలేను."

"బతుకుతాడా బాబూ?"

"పాతబడిపోయారు కదండీ. మరీ కాకపోతే విడదీసి పార్టులు ఎవరికైనా ఇచ్చేద్దాం. కళ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి."

తమ్ముడు తొమ్మిదో తరగతి లోంచి సుద్దముక్కతోనే ఏడుస్తూ బయటికొచ్చాడు. పెద్ద మాస్టారూ ఆ బళ్లోనే పనిచేసి రిటైరయ్యారు. కళ్లు ఇచ్చేస్తున్నారని వినగానే హెడ్మాస్టరు ఇక ఆశ లేదనుకుని, సంతాప తీర్మానం రాయించి, గంట కొట్టించి సెలవిచ్చేశారు. కబురందిన మరదలు ఇంట్లో బీరువా వెతికి, బావగారి పేరున్న పుస్తకం ఒక్కటే కనిపిస్తే, అదేమిటో కూడా చూడకుండా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

బళ్లో మాస్టర్లతో కలిపి మొత్తం పదకొండు మంది ఆసుపత్రిలో మంచం మంచానికీ తిరిగారు. ఒకచోట ముసుగు తన్ని పడుకున్న పెద్దాయన కాళ్లు పట్టుకుని తమ్ముడు పావుగంట ఏడ్చాడు. ముసుగు తీస్తే ఎవరో మీసాలాయన. "మావాళ్లెవరూ రాలేదు, మీరైనా వచ్చారు" అని ఆయనా ఏడ్చాడు. నర్సు కసిరి బయటికి పంపాక గానీ ఎదురు సందు అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మాస్టారు టైర్ల మీద కళ్లు మూసుకుని ఉన్నారు. చొక్కా నిండా నల్లటి మరకలు.

"బావగారూ!" అని మరదలు కేక పెట్టింది.

తమ్ముడు కాళ్ల మీద పడిపోయాడు. "అన్నయ్యా, గొట్టం సెన్సరుకి ముందే ఉండాలి. నువ్వు చెప్పిందే రైటు. ఇంకేం మనసులో పెట్టుకోకుండా వెళ్లు."

మాస్టారు కళ్లు తెరిచారు. ఆరేళ్లుగా వినాలనుకున్న మాట అది. విన్నాక సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది.

"ఎక్కడికిరా వెళ్లేది? నీదే రైటు. మూడో వారంలోనే తెలిసింది. నెలనెలా తుడుచుకోలేక చస్తున్నాను."

"నేను చెప్పింది కారు గురించండీ" అని మెకానిక్ గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"మూడో వారమా?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "తెలిసి కూడా ఆరేళ్లు నోరు మెదపలేదా? ఆదివారం ఆదివారం మా వీధిలో ఊరేగావే, ఒక్కసారి హారనైనా కొట్టావా? కిటికీ దగ్గర నిలబడి నిలబడి నా కాళ్లు పోయాయి. ఇందాక అన్నది వాపసు తీసుకుంటున్నా. పోతున్నావని అన్నాను!"

అక్కణ్నించి తిట్లు మొదలయ్యాయి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మాస్టారు తల వంచుకుని వింటూ కూర్చున్నారు. ఒక్క తిట్టు కూడా వదులుకోబుద్ధి కాలేదు.

"పుస్తకం దొరికింది కదా సార్" అన్నాడు మెకానిక్, మరదలు తెచ్చిన కారు పుస్తకం తిరగేస్తూ. "కొత్త గొట్టం సరైన చోట బిగించేస్తా. అరగంట పని."

"తొందరేం లేదు" అన్నారు మాస్టారు. "వచ్చే వారం చూద్దాం."

తమ్ముడు ముక్కు తుడుచుకుని స్కూటరు తీశాడు. "అన్నది ఇంకా సగమే. మిగతాది ఇంటికెళ్లాక. ఎక్కు."

మాస్టారు ఎక్కారు.

సంతాప తీర్మానాన్ని రద్దు చేసే పద్ధతి ఏమిటో బళ్లో ఎవరికీ తెలియకపోవడంతో, రికార్డుల ప్రకారం పెద్ద మాస్టారు ఆ శనివారమే పోయారు.