మాణిక్యమ్మ పక్కన ఎవరు?

నాగాయలంకలో ఫోటో స్టూడియో నడిపే వాసు ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మాణిక్యమ్మ గారి ఫోటో ఇచ్చేసి, పది గంటల బస్సెక్కి బందరు వెళ్ళి, కెమెరా బాగుచేయించుకు రావడం. అంతే! అంతమాత్రం కూడా సాగితే అతను వాసు ఎందుకవుతాడు?

చేపల వ్యాపారం చేసే మాణిక్యమ్మకు మర్నాడు గృహప్రవేశం. భర్త నాగేశ్వరరావు పోయి ముప్ఫై ఏళ్ళయింది. ఇద్దరూ కలిసి ఒక్క ఫోటో కూడా దిగలేదు. అందుకని ఆవిణ్ణి ఇప్పుడు తీసి, పక్కన ఆయన్ని కూర్చోబెట్టే పని వాసు నెత్తిన పడింది. "ఆయన పక్కన లేకుండా ఆ గడప తొక్కను" అని ఆవిడ తేల్చి చెప్పేసింది. ఆయనకున్నదల్లా మత్స్యకారుల సొసైటీ కార్డు మీది గోరంత ఫోటో. రెండు రోజులు కళ్ళు చిట్లించుకుని వాసు దాన్ని పెద్దది చేశాడు.

మాణిక్యమ్మ వచ్చింది. మెడలో చిలకలపూడి గిల్టు గొలుసు సర్దుకుని, ఫోటో చూసి ఉలిక్కిపడింది.

"నా పక్కన ఈ కుర్రాడెవరయ్యా?"

"మీ ఆయనేనండీ!"

"నా కొడుకులా ఉన్నాడు! చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఆయనకీ వయసు పెంచు."

"పోయినాయనకి వయసెలా పెరుగుతుంది పిన్నిగారూ?"

"నాకు పెరగలేదూ? జుట్టు తెల్లగా చెయ్, నాలుగు ముడతలు వెయ్. సాయంత్రంలోగా కావాలి."

పది గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. వాసు పళ్ళు నూరుకుంటూ నాగేశ్వరరావు జుట్టు నెరిపించాడు, బుగ్గలు జార్చాడు. కుదిరిందనిపించి ఆవిడ మనవరాలు రోజాకు వాట్సాప్‌లో పంపాడు. రోజా తాతను చూసి ఎరగదు. ముచ్చటపడిపోయి, నానమ్మకు చూపించకుండానే స్టేటస్ పెట్టేసింది.

అక్కడే కొంప మునిగింది. నాగేశ్వరరావుకు అప్పయ్య అని ఒక తమ్ముడున్నాడు. ఇద్దరివీ అచ్చు గుద్దినట్టు ఒకే పోలికలు. బతికి ఉన్నాడు కాబట్టి అప్పయ్య ముసలివాడు కూడా అయ్యాడు. అన్న చనిపోయిన ఏడాదే పెద్ద వల ఎవరిదన్న తగువొచ్చి వదినా మరుదుల మధ్య మాటలు పోయాయి. ఇప్పుడు వాసు తయారుచేసిన నాగేశ్వరరావు అక్షరాలా అప్పయ్యే! అరగంటలో వాసుకు నాలుగు ఫోన్లు. "ఏమయ్యా, వదినా మరుదుల్ని పక్కపక్కన కూర్చోబెట్టావటగా! భలేవాడివే!"

ఐదో ఫోను ఎత్తేలోపు మాణిక్యమ్మే ఊడిపడింది.

"నీ చేతులు పడిపోనూ! మా ఆయన్ని తెమ్మంటే ఆ అప్పయ్యని తెస్తావా?"

"నేను ముడతలే వేశానండీ బాబూ! మొహం మీ ఆయనదేనండీ!"

అంతలో గుమ్మంలోకి అప్పయ్య వచ్చాడు. చేతి సంచిలోంచి పండుగప్ప చేప తోక బయటికి వేలాడుతోంది.

"ఇంటికెళ్తే ఇక్కడున్నావన్నారు వదినా" అన్నాడు. "నా ఫోటో ఎక్కడ సంపాదించావో గానీ, పక్కన కూర్చోబెట్టుకున్నావంటే ఇక ఆగలేకపోయాను. ఆ వల చివికిపోయి పాతికేళ్ళయింది. రేపు నేను రావచ్చా?"

వాసు అడ్డుపడ్డాడు. "అదికాదు బాబాయ్, అసలు ఆ ఫోటోలో ఉన్నది..."

"నువ్వు నోర్ముయ్" అంది మాణిక్యమ్మ.

స్క్రీన్ వంక చూసింది. మరిది వంక చూసింది. ముప్ఫై ఏళ్ళుగా దాచిపెట్టుకున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. "ఆయనుంటే ఇలాగే ఉండేవాడు కాబోలు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "రావచ్చా అని అడుగుతావేంటి? మీ అన్న ఇల్లది. రేపు ఆయన పటం పట్టుకుని నువ్వే ముందు నడవాలి."

సంచి అందుకుని వాసు వైపు తిరిగింది. "ఆ ముడతలు తీసెయ్. ఆయన్ని ఆయన వయసులోనే ఉండనీ."

"కొడుకులా ఉన్నాడన్నారు కదండీ!"

"అయితే నా ముడతలు కూడా తీసెయ్."

ఆవిడ చేప పట్టుకుని వెళ్ళిపోయింది. బందరు బస్సు ఇంకొకటి కూడా వెళ్ళిపోయింది. అప్పయ్య మాత్రం గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"బాబూ, ఆ ముసలి ఫోటో పారెయ్యకు. నాకొక కాపీ తీసివ్వు. జన్మలో ఇంత బాగా ఎప్పుడూ పడలేదు నేను."

ఆ ఫోటో అప్పయ్యది కాదని చెప్పే ఓపిక వాసుకు లేదు. సైజెంత కావాలని అడిగాడు.