టీ గ్లాసుతో కొలిచిన కట్ట

తమ్ముడి బ్యాగు సర్దడం అక్కగారు పొద్దున ఐదింటికి మొదలుపెట్టింది. ఆరున్నరకీ సర్దుతూనే ఉంది. వెళ్లేది ఒక్క రోజు ఇంటర్వ్యూకి. అయినా మూడు జతల బట్టలు, దుప్పటి, దగ్గు మందు, గొడుగు పెట్టింది. గడ్డం గీసుకోవడానికి నీళ్లు ఎందులో పట్టుకుంటాడో అని, గుమ్మం పక్కనున్న స్టీలు మగ్గు కూడా అడుగున దూర్చింది.

“ఒక్క రోజుకి ఇన్నెందుకే అక్కా? నేనేమన్నా కాపురానికి వెళ్తున్నానా?”

“వెళ్లినవాళ్లందరూ ఇలాగే అన్నారు.”

ఆవిడ లెక్క ఆవిడది. పెద్దన్నయ్య వారంలో వచ్చేస్తానని వెళ్లాడు. చెల్లెలు ఎండలు ముదిరేలోపు వస్తానంది. భర్తయితే సాయంత్రం టీకి ఉంటానన్నాడు. ఇప్పుడు మిగిలింది ఈ తమ్ముడొక్కడే. పడవ షికార్ల కోసం కట్టిన చిన్న జలాశయానికి పదిహేనేళ్లుగా కాపలాదారు. ఇంటర్వ్యూ నెగ్గితే పై ఉద్యోగం, వేరే ఊరు. నెగ్గకూడదని ఆవిడ కోరుకోలేదు. అంత చెడ్డ మనిషి కాదు. బస్సు చెడిపోతే బాగుండునని మాత్రం ఒకటి రెండుసార్లు అనుకుంది.

గుమ్మం దిగుతూ తమ్ముడు పని అప్పగించాడు. మట్టికట్ట అన్నాక కొద్దిగా నీరు ఊరుతుంది. ఆ ఊట కట్ట అడుగున ఒక గొట్టంలోంచి బయటికి వస్తుంది. రోజూ ఎనిమిదింటికి దాని కింద మగ్గు పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో రిజిస్టర్లో రాయాలి.

“ఎప్పుడూ నలభై వస్తుంది. బాగా తగ్గినా, నీళ్లు మట్టిరంగుగా ఉన్నా ఇంజనీరమ్మకి వెంటనే ఫోన్ చెయ్యి. లోపల కట్ట కోసుకుపోతోందన్నమాట.”

“అమ్మో! కోసుకుపోతే?”

“పోదులేవే తల్లీ. పదిహేనేళ్లుగా అదే నలభై.”

ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా ఆవిడ మగ్గు కోసం చూసింది. గుమ్మం పక్క లేదు. మంచం కింద లేదు. సర్దే హడావుడిలో తనే బ్యాగులో దూర్చిన సంగతి గుర్తే లేదు. మగ్గు ఎక్కడుందో అప్పటికి బస్సుకి తప్ప ఎవరికీ తెలియదు. టైము దాటితే తమ్ముడికి మాట వస్తుందని భయం. నిండడమే కదా ముఖ్యం అనుకుని, అప్పుడే తాగి పెట్టిన టీ గ్లాసు పట్టుకుని కట్ట దిగింది. గ్లాసు గొట్టం కింద పెట్టి లెక్కపెట్టింది. పదికల్లా పొర్లింది.

రెండోసారి కొలిచే ధైర్యం లేక, గ్లాసు అలాగే పట్టుకుని ఇంటికి పరుగెత్తి ఫోన్ తీసింది.

“ఎంత వచ్చిందండీ?” అంది ఇంజనీరమ్మ నిద్రమత్తుగా.

“పది.”

“పదా! నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?”

ఆవిడ గ్లాసును కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. “టీ రంగులో ఉన్నాయమ్మా.”

అవతల కుర్చీ పడ్డ చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఎవరూ కుదురుగా లేరు. షికారు పడవలు నడిపే ఆయన మైకు పట్టుకుని “కంగారు పడకండి!” అని అరిచిన అరుపుకి, అప్పటిదాకా కంగారు పడనివాళ్లు కూడా చెప్పులొదిలేసి పరుగెత్తారు. తొమ్మిదింటికి కట్ట కారుతోందన్నారు. తొమ్మిదిన్నరకి బీటపడిందన్నారు. పదింటికి కింది వీధివాళ్లు తెగిపోయిందన్నారు. తెగిన కట్ట చూడ్డానికి జనం వచ్చి ఆ కట్ట మీదే నిలబడ్డారు.

ఇంజనీరమ్మ వాళ్లందర్నీ దింపి, ప్రమాదమని గొట్టం వైపు ఎవర్నీ పోనివ్వకుండా, తూము తలుపు పూర్తిగా ఎత్తించింది. మధ్యాహ్నానికి నీళ్లు సగానికి పైగా దిగి, బాతు బొమ్మల పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగాయి.

“నా పడవలు చూడండమ్మా, ఎలా పడున్నాయో!” అన్నాడు పడవలాయన.

“కట్ట తెగితే అవి మీకన్నా ముందు ఊళ్లోకి వెళ్లేవి. ఊరుకోండి,” అంది ఇంజనీరమ్మ.

తమ్ముడికి కబురు దారిలోనే అందింది. ఇంటర్వ్యూ మాట మర్చిపోయి తిరుగు బస్సెక్కి, మూడింటికి బ్యాగుతో సహా కట్ట కిందికి వచ్చిపడ్డాడు. వాణ్ణి చూడగానే అక్కగారికి ప్రాణం లేచొచ్చింది. కట్ట సంగతి తర్వాత, ముందు వీడైతే వచ్చాడు.

“దేంతో కొలిచావక్కా?”

“మగ్గు కనపడలేదురా. దీంతో.”

తమ్ముడు గ్లాసు అడుగున అంటుకున్న టీపొడి చూశాడు. ఏదో అనుమానం తోచి బ్యాగులో చెయ్యి పెట్టాడు. దుప్పటి కింద నుంచి మగ్గు బయటికి వచ్చింది. అతను దాన్ని గొట్టం కింద పెట్టాడు. ఇంజనీరమ్మ గడియారం చూసింది. చెరువు దిగినా కట్టలో ఊట ఇంకా తగ్గలేదు. సరిగ్గా నలభై. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

“మగ్గులో నాలుగో వంతు పట్టే గ్లాసుకి నా చెరువు మొత్తం తోడేశారా!” అని పడవలాయన నెత్తి కొట్టుకున్నాడు.

“తప్పు నాదమ్మా. వాడి ఉద్యోగం తియ్యకండి,” అంది అక్కగారు. ఇంజనీరమ్మ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది.

పడవలాయన విసురుగా బురదలోకి దిగి, తూము పక్కనున్న పడవని లాగబోయి, నడుందాకా కూరుకుపోయాడు. “ఇక్కడేదో గొయ్యుందండోయ్!” అని కేక పెట్టాడు. అతన్ని లాగాక చూస్తే, ఇన్నాళ్లూ నీటి కింద ఉన్న కట్ట ముఖం మీద, తూముగొట్టం వెంబడి, మనిషి పట్టేంత బొరియ. పన్నెండడుగుల వెదురుగడ దూరిస్తే అడుగు తగల్లేదు.

ఇంజనీరమ్మ వంగి బొరియలోకి చూసింది. “ఇది ఇంకా అవతలికి దారి చేసుకోలేదు కాబట్టి ఊట గొట్టంలో తెలియలేదు. ఒక్క పెద్ద వాన పడుంటే అయిపోయేది.” రాస్తున్న కాగితం చించేసింది. “ఇంట్లోవాళ్లకే ఇంత జాగ్రత్త నేర్పాడంటే, ఈయన ఎలాంటి మనిషండీ! ఇంటర్వ్యూ అక్కర్లేదు. నేను రాస్తాను పైకి.”

“వద్దమ్మా, వాడికేం తెలియదు,” అంది అక్కగారు గబగబా.

“చూశారా, ఎంత వినయమో ఈ ఇంట్లో!” అంది ఇంజనీరమ్మ.

వేరే ఊళ్లో ఉండి, దాని చుట్టుపక్కల చిన్న ఆనకట్టలన్నీ తిరిగి చూసే ఉద్యోగం అది. తమ్ముడు మరుసటి నెల మూడో తారీకు, గురువారం పొద్దున ఏడింటి బస్సుకి వెళ్లాడు. మళ్లీ రాలేదు.