మూసి ఉన్న ఫ్యాక్టరీ కావలెను

దేశం ఇక తన కాళ్ళ మీద తాను నిలబడబోతోందని పరిశ్రమల మంత్రిగారు ప్రకటించారు. ఇన్నాళ్ళూ ఎవరి కాళ్ళ మీద నిలబడిందో ఆయన చెప్పలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. మూతపడ్డ ఫ్యాక్టరీలను వెతికి పట్టుకుని, ఏడాది తిరక్కుండా వంద ఫ్యాక్టరీల తాళాలు స్వహస్తాలతో తీస్తానని మైకు ముందు చేతులెత్తి చూపించారు. శుభ్రమైన చేతులు. పని చేసిన మచ్చ ఒక్కటి కూడా లేదు. మర్నాడు పేపర్లన్నీ ఆ చేతుల ఫోటోనే వేశాయి.

ఆ వార్త చదివి మనస్ఫూర్తిగా సంతోషించిన అమాయకుల్లో తాళాలాయన ఒకడు. పాత బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో ఆయన తాళం కప్పలు తయారు చేస్తాడు. భార్య, ఆమె తమ్ముడు, నలుగురు పనివాళ్ళు, ఇదీ ఆయన పరిశ్రమ. ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే చాప చుట్టేస్తుంటే, వాటి గేట్లకు తాళాలు అమ్ముకుని బతికి బట్టకట్టాడు. దేశీయ తయారీకి అప్పట్లో అంతకు మించిన మార్కెట్టు లేదు మరి.

ఇన్నాళ్ళకు హార్డ్‌వేర్ షావుకారు ఒకాయన పెద్ద ఆర్డరిచ్చాడు. వానలు మొదలయ్యేలోగా సరుకు అందకపోతే ఓడలో వచ్చే తాళాలే తెప్పించుకుంటాననీ, మళ్ళీ ఈ గడప తొక్కననీ ముందే చెప్పేశాడు. ఉన్న కరెంటుతో పెద్ద మిషన్లు సగం రోజు కూడా లాగవు. అందుకని తాళాలాయన ఉతికిన చొక్కా వేసుకుని, లోడు పెంచమని అడగడానికి పరిశ్రమల ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు.

ఆఫీసరు అప్పటికే దేశం కోసం నిద్ర మానేసి ఉన్నాడు. వందలో ఆయన వాటాకు ఒక ఫ్యాక్టరీ వచ్చింది. కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. గుడ్డల మిల్లుకు గోడ ఒకటే మిగిలింది. సబ్బుల ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. సైకిళ్ళ ఫ్యాక్టరీకి కప్పూ తలుపులూ చెక్కుచెదరలేదు గానీ, అందులో మంత్రిగారి బామ్మర్ది విదేశీ సరుకు నిల్వ పెట్టుకున్నాడు.

"మీ షెడ్డుకు కప్పుందా?" అన్నాడు ఆఫీసరు, వచ్చిన పని కూడా అడక్కుండా.

"ఉందండి."

"మిషన్లు?"

"ఉన్నాయండి. బాగా నడుస్తున్నాయండి."

"అదే వచ్చిన చిక్కు. నడిచేదాన్ని తెరిపించడం ఎలా?" ఆఫీసరు తల గోక్కున్నాడు. "పోనీ, మూసేయకూడదూ?"

"మూసేస్తే నాకు కరెంటు దేనికండీ?"

"మూసేస్తేనే కరెంటు. పథకంలో మొదటి షరతు అదే. నడుస్తున్న ఫ్యాక్టరీకి సాయం అక్కర్లేదని నిపుణుల కమిటీ తేల్చింది. ఒక్క వారం ఓపిక పట్టండి. మంత్రిగారు వస్తారు, తాళం తీస్తారు, వెంటనే మీకు కొత్త లైను. ఇందులో బలవంతమేమీ లేదు. మీ లైసెన్సు రెన్యూవల్ కూడా నా దగ్గరే ఉన్నట్టుంది కదూ?"

తాళాలాయన ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె చేతిలో ఆకురాయి పక్కన పెట్టింది.

"పని చేసుకునేవాళ్ళ నోట్లో మట్టి కొట్టడానికి ఇంత పెద్ద పథకం పెట్టాలా?"

"వారమేనంటున్నాడే."

"వాళ్ళ వారమా, మన వారమా?"

మర్నాడే ఆఫీసరు తాళంతో వచ్చాడు. అది ఓడలో వచ్చిన తాళం. తాళాలాయనకు ప్రాణం చివుక్కుమంది.

"నా తాళం ఇస్తాను కదండీ, పైసా అక్కర్లేదు."

"మీరు లబ్ధిదారులు. లబ్ధిదారు సరుకు వాడితే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు," అని ఆఫీసరు ఓపిగ్గా వివరించాడు. కరెంటు వాళ్ళు కూడా వచ్చి పాత లైను పీకేశారు. పాతది తీస్తే గానీ కొత్తది ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవట.

వారం గడిచింది. మంత్రిగారు రాలేదు. దేశీయ తయారీని దగ్గరుండి అధ్యయనం చేయడానికి ఆయన విదేశాలకు వెళ్ళారు. ఏ త్యాగానికైనా వెనుదీయని మనిషి కాబట్టి కుటుంబాన్ని కూడా వెంట తీసుకెళ్ళారు.

ఆ ఖాళీ సమయాన్ని ఆఫీసరు వృథా చేయలేదు. షెడ్డు మరీ నిన్న మూసినట్టుందనీ, మంత్రిగారి కంటికి ఆనదనీ ఒక కాంట్రాక్టరును పిలిపించాడు. ఆయన మనుషులు లోపల దుమ్ము చల్లారు. మూలల్లో దారంతో సాలెగూళ్ళు కట్టారు. గుమ్మం ముందు పిచ్చిమొక్కలు నాటి రోజూ నీళ్ళు పోశారు. రెండు మొక్కలు ఎండిపోతే కాంట్రాక్టరుకు మెమో కూడా వెళ్ళింది. తాళాలాయన భార్య రోడ్డవతల నిలబడి, తను రోజూ ఊడ్చుకున్న నేల మీద జీతాలిచ్చి దుమ్ము పోయించడం చూసింది.

ఆకాశంలో మబ్బులు తిరగడం మొదలైంది. షావుకారు మనిషి రెండుసార్లు వచ్చి తాళం వేసిన గుమ్మం చూసి వెళ్ళాడు. పనివాళ్ళు ఇద్దరు రైల్వే గూడ్స్ యార్డులో రేవు నుంచి వచ్చిన మూటలు దింపుతున్నారు. ఆ మూటల్లో ఏముంటుందో వాళ్ళు చెప్పలేదు, తాళాలాయన అడగలేదు. సిగ్గూ దుఃఖమూ కలిసి ఆయనకు మనుషుల మొహం చూడబుద్ధి కాలేదు.

"ఇలా చేతులు ముడుచుకుని కూర్చుంటే అందరం రోడ్డున పడతాం," అంది భార్య. "ఆ చేతి ప్రెస్సు బయటికి తెండి. కరెంటు అక్కర్లేనిది అదొక్కటే కదా."

"లోపలుంది. తాళం వేశారు."

"తాళాలాయన అనిపించుకుని ఆ మాటనడానికి నోరెలా వచ్చిందండీ?"

మిట్టమధ్యాహ్నం, ఆఫీసులన్నీ భోజనాలకు లేచిన వేళ పనైపోయింది. ఆ వేళలో ప్రభుత్వం ఎదురుపడే ప్రమాదం లేదు. తాళం మళ్ళీ యథాప్రకారం పడింది. భార్య తమ్ముడి ఇల్లు షెడ్డు వెనక సందులోనే. ప్రెస్సును వాళ్ళ వంటగది పక్క వసారాలో బిగించారు.

"బావా, చప్పుడు వినిపిస్తే?" అన్నాడు బావమరిది.

"ఎవరైనా అడిగితే ఇల్లు బాగు చేయిస్తున్నామని చెప్పు."

అప్పట్నుంచీ ఆ వసారాలో ఠక్, ఠక్ అంటూ ఒక్కో కప్పా పుడుతూనే ఉంది. ఇంటిల్లిపాదీ వంతులవారీగా పిడి తిప్పారు. యార్డులో పని ముగించుకుని పనివాళ్ళూ వచ్చి చెయ్యేశారు. షావుకారు దయతలచి ఇంకొక్క గడువు ఇచ్చాడు.

సరిగ్గా ఆ గడువుకు ముందు రోజు మంత్రిగారు వేంచేశారు. పనివాళ్ళందరూ సభలో కనబడాలని ఆఫీసరు కబురు పెట్టాడు.

"మీరంతా వెళ్ళి పూలగుత్తులివ్వండి," అంది భార్య పిడి వదలకుండా. "రేపు సరుకివ్వాల్సింది నేను."

మంత్రిగారు పిచ్చిమొక్కలను చూసి నిట్టూర్చారు. తాళం తీశారు. సాలెగూడు తలకు తగిలితే తుడుచుకోకుండా ఫోటోలకు నిలబడ్డారు. ఆనక పెద్ద మిషను ముందు నిలబడి, దేశ ఆర్థిక వ్యవస్థ గుండె మళ్ళీ కొట్టుకోబోతోందని చెప్పి బటన్ నొక్కారు.

కొత్త లైను ఇంకా రాలేదు. సభ నిశ్శబ్దమైపోయింది. ఆఫీసరు కరెంటు వాళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు.

ఆ నిశ్శబ్దంలో వెనక సందులోంచి ఠక్, ఠక్ అని వినిపించింది.

"అదిగో, మొదలైంది," అన్నారు మంత్రిగారు. సభంతా చప్పట్లు కొట్టింది. పట్టలేని సంతోషంతో ఆయన తాళాలాయన భుజం మీద చెయ్యి వేసి, మైకు ఆయన నోటి ముందు పెట్టారు.

"ఇంత మంచి ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందో ప్రజలకు నువ్వే చెప్పు."

తాళాలాయనకు అబద్ధమేదీ సమయానికి నోటికి రాలేదు.

"మీరు తెరుస్తారనండి," అన్నాడు.

మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. "విన్నారా? నా మీద ఈ సామాన్యుడికి ఎంత నమ్మకం," అన్నారు జనంతో. "ఈ నమ్మకాన్ని వమ్ము చేయను. వచ్చే ఏడాది వెయ్యి ఫ్యాక్టరీలు తెరుస్తాను." ఆఫీసరు వైపు తిరిగి, "నీ వాటా పది," అన్నారు.

మళ్ళీ చప్పట్లు మోగి సద్దుమణిగాయి. ఠక్, ఠక్ మాత్రం ఆగలేదు. షెడ్డులో కరెంటు లేదన్న సంగతి మంత్రిగారికి తెలియకపోయినా ఆఫీసరుకు తెలుసు. ఆయన నెమ్మదిగా సందు వైపు తల తిప్పి, చెవి ఒగ్గి, జేబులోంచి పెన్ను తీశాడు.

తాళాలాయన అది చూశాడు. పూలగుత్తి కింద పడేసి గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. బావమరిది ఒక్క క్షణం బావ మొహం చూసి తనూ అందుకున్నాడు. పనివాళ్ళు నలుగురూ లేచి నిలబడ్డారు. ఇంత అభిమానం తట్టుకోలేక మంత్రిగారు చాలు, ఇక కూర్చోమని సైగ చేశారు. వాళ్ళు ఆపలేదు.